మా నాన్న, మన నాన్న

ఆదివారం మధ్యాహ్నం మా మరిది ఎల్లాజీ చేపల పులుసు కంచం సగంలో వదిలేసి లేచిపోయాడు. ఆ కంచం దగ్గరే మొదలైంది ఇదంతా.

ఎల్లాజీ మా గడప తొక్కి చాలా ఏళ్ళయింది. మా ఆయన తాతారావు తెరచాప పార్టీ మనిషి. ఎల్లాజీది దీపస్తంభం పార్టీ. ఒక ఎన్నికలనాడు దీపస్తంభం వాళ్ళు రేవులో మా వలలు కోసేసి, అడ్డుపడిన మా ఆయన ముందుపళ్ళు రెండు రాలగొట్టారు. ఎల్లాజీ అక్కడే నిలబడి ఉన్నాడు. చెయ్యి ఎత్తలేదు, ఆపనూ లేదు. అప్పటినుంచి ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరూ ఇసకలో ఎదురైతే చెరోపక్కకీ తిరిగి ఉమ్మేసేవారు.

అలాంటిది ఆ ఆదివారం మా ఆయనే తమ్ముణ్ణి భోజనానికి పిలిచాడు. ఎందుకంటే ఆ గొడవ ఆయనకి గుర్తు లేదు. ఆయన్ని కడిగేశారు.

దానికి పెద్ద పేరేదో ఉంది గానీ అందరూ కడుగుడు అనే అంటారు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి తలకి టోపీలాంటిది తొడుగుతారు. మీ పార్టీ మీటింగులు తలుచుకో, జెండా తలుచుకో, మీ నాయకుణ్ణి తలుచుకో అంటారు. తలుచుకున్నప్పుడల్లా బుర్రలో ఎక్కడ మెరుస్తుందో అక్కడికి చల్లటి వెలుగొకటి పంపుతారు. బయటికొచ్చేసరికి ఆ తలపు ఉండదు. సమాఖ్య న్యాయస్థానంలో కూర్చునే జడ్జీల కోసం కనిపెట్టారు దాన్ని. ఆ కుర్చీ ఎక్కినవాడు చచ్చేదాకా దిగడు. దింపే దిక్కు లేదు. అంచేత ఏ పార్టీ వాసనా లేకుండా కడిగి మరీ ఎక్కించాలని చట్టం చేశారు. ఆ కడుగుడు తయారుచేసిన ప్రయోగశాలలో మా అమ్మాయి కుసుమ పనిచేస్తుంది. పార్టీ ఎముకల్లోకి ఇంకిపోయిన మనుషులు పరీక్షకి కావాలంటే, మా ఆయన తనంతట తనే వెళ్ళి కూర్చున్నాడు. మన పిల్ల చేసిన మందు మన మీద కాకపోతే ఎవరి మీద వేస్తారన్నాడు.

నేను వద్దన్నాను. నేను అన్నిటికీ వద్దనే దాన్నే. తలుపు చప్పుడైతే చావు కబురనుకుంటాను, ఫోను మోగకపోతే ఇంకా పెద్ద కబురనుకుంటాను. నా మాట ఎవరూ పట్టించుకోరు.

ఆ ఆదివారం మాత్రం నా భయాలన్నీ వట్టివే అనిపించింది. మా ఆయన తన చేత్తో తమ్ముడి కంచంలో వంజరం ముక్కలు వేశాడు. ఇద్దరూ చిన్నప్పటి తుఫాను కబుర్లలో పడ్డారు. ఎల్లాజీ చంటిపిల్లాడిలా నవ్వుతున్నాడు. గుమ్మానికి ఆనుకుని నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. అప్పుడు మా ఆయన అన్నాడు.

"మా నాన్న ఆరోజు తెప్పేసుకొని ఒక్కడే ఎల్లిపోనాడు, ఎల్లాజీ. మా యమ్మ ఒడ్డున కూకొని ఒకటే ఏడుపు."

ఎల్లాజీ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఎవుడి నాన్న, అన్నియ్యా?"

"మా నాన్నేరా," అన్నాడు ఈయన. అంత అమాయకంగా నవ్వుతున్నాడు.

మా నాన్న అని పరాయివాళ్ళతో అంటాం. ఒకే కడుపున పుట్టినవాడితో అనం. మన నాన్న అంటాం. నోట్లో పళ్ళు రాని పసివాడికి కూడా ఎవరూ నేర్పకుండానే వచ్చే మాట అది. మా ఆయనకి పగ గుర్తు లేదు, వలలు గుర్తు లేవు, పళ్ళెందుకు ఊడాయో గుర్తు లేదు. కానీ ఆయన నోరు తమ్ముణ్ణి గీత అవతలే నిలబెట్టింది.

ఎల్లాజీ లేచాడు. గుమ్మం దాటుతూ నాతో మెల్లగా, "ఒదినా, బుర్ర కడిగినారు గానీ కడుపు కడగనేదు," అని వెళ్ళిపోయాడు.

మా ఆయనకి ఏం జరిగిందో అర్థం కాలేదు. ఉప్పెక్కువైందా అని నన్నడిగాడు. ఎదురుగా కూర్చున్న కుసుమ మొహంలో మాత్రం నెత్తురు లేదు.

ఆ వారమంతా అది సరిగా తిండి తినలేదు. ప్రయోగశాలలో ఇన్నాళ్ళూ వాళ్ళు కడిగిన మనుషుల్ని మీరు ఏ పార్టీ అని అడిగేవారట. ఏదీ కాదని వాళ్ళు చెప్పేవారట. అబద్ధాన్ని పట్టే యంత్రం నిజమే అనేదట. నిజమే మరి, వాళ్ళకి తెలియదు కదా. మాట ఎటు వంగుతోందో ఎవరూ వినలేదు. మూడోనాడు నా పక్కన కూలబడి, ఫోనులో సోమశేఖరం గారి ఉపన్యాసాలు వినిపించింది.

సోమశేఖరం గారంటే అప్పటికి టీవీ పెడితే ఆయనే. ఇరవై ఏళ్ళు దీపస్తంభం పార్టీకి వకీలు. మా జాలారిపేట తీరాన్ని ఓడరేవు కంపెనీకి ఇచ్చెయ్యాలని ఆ పార్టీ తరఫున వాదించినవాడు ఆయనే. ఇప్పుడు ఆ పార్టీయే ఆయన్ని సమాఖ్య న్యాయస్థానానికి ప్రతిపాదించింది. ఆ తీరం కేసు ఆ న్యాయస్థానంలోనే నానుతోంది. ఆయన్ని మా ఆయన కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టి కడిగారు. కడిగాక, నాకు ఏ పార్టీ గుర్తు లేదని చేతులు జోడించి చెప్పేవాడు. అంత శాంతమైన మొహం చూసి నేనే దణ్ణం పెట్టాను ఒకసారి.

కుసుమ వినిపించినవన్నీ కడిగిన తర్వాతి ఉపన్యాసాలే. కంపెనీవాళ్ళ సభలో, మన ఓడరేవు, మన భవిష్యత్తు అన్నాడు. మా పేటకొచ్చినప్పుడు, మీ కష్టాలు మేం వింటాం, మా మీద నమ్మకముంచండి అన్నాడు. ఎక్కడికెళ్ళినా అంతే. దీపస్తంభం వాళ్ళుంటే మన. మిగతా చోట్ల మేము, మీరు.

"జ్ఞాపకం పోయింది గానీ మొగ్గు పోలేదమ్మా," అంది కుసుమ. "తక్కెడ ముల్లు వంగే ఉంది. వంగిందన్న సంగతే ఆయనకి తెలీదు. వెనకటి సోమశేఖరం కనీసం మొహమాటపడేవాడు. ఈయనకి ఆ మొహమాటం కూడా లేదు."

ప్రయోగశాల పెద్దాయన దాన్ని పిలిచి, ఇది బయటికి పొక్కితే ఉద్యోగం పోతుంది, రహస్యం బయటపెట్టినందుకు జైలు కూడా అన్నాడట. అయినా కుసుమ సమాఖ్య సభలో అభ్యంతరం చెబుతానని పేరిచ్చేసింది. జడ్జిని ఖాయం చేసే ముందు ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పొచ్చు, అది పద్ధతి. సాక్ష్యానికి నాన్నని తీసుకెళతానంది.

నేను దాని కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను. ఆ కేసులేవో పెద్దవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకే అన్నాను. సోమశేఖరానికి యాభై దాటలేదమ్మా, ఇంకో నలభై ఏళ్ళు ఆ జడ్జి కుర్చీలోనే ఉంటాడు, నేను ముసలిదాన్నయ్యాక కూడా అంది. నేనింకేదో సాకు చెప్పాను. అసలు భయం మాత్రం నోటికి రాలేదు.

మా పెళ్ళి పార్టీ సభలో జరిగింది. పురోహితుడు లేడు, తాళి లేదు. తెరచాప జెండా కింద నాయకుడు రెండు బంతిపూల దండలిస్తే మార్చుకున్నాం, ఊరంతా చప్పట్లు కొట్టింది. కడుగుడులో జెండాతో పాటు ఆ దండలు కూడా కొట్టుకుపోయాయి. ఒకరోజు ఈయన గోడమీద ఫోటో చూస్తూ, "రత్నం, మన పెళ్ళి ఎక్కడయినాదే?" అనడిగాడు. పొయ్యి దగ్గరికెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఏడుస్తుంటే మెల్లగా తట్టింది. పెళ్ళి గుర్తు లేదు. కానీ మన పెళ్ళి అన్నాడు. నేను గీతకి ఇవతలే ఉన్నాను.

సోమశేఖరంలో ఏది మిగిలిపోయిందని కుసుమ అంటోందో, మా ఆయనలో నాకోసం మిగిలింది కూడా అదే. దాన్ని దోషం అంటే వాళ్ళు దాన్ని కూడా కడుగుతారేమో. అది నా భయం.

సమాఖ్య రాజధానిలో ఆ సభ మా పేట మొత్తం పట్టేంత ఉంది. సభ్యులు నానా రాష్ట్రాలవాళ్ళు. అందరి చెవుల్లోనూ తర్జుమా వినిపించే గొట్టాలు. నా చెవిలోనూ ఒకటి పెట్టారు. కుసుమ లేచి నిలబడింది. కడుగుడు గురించి చెప్పింది, మా ఇంట్లో భోజనం గురించి చెప్పింది. సోమశేఖరం గారి మాటలు వినిపించింది. మన ఓడరేవు. మా మీద నమ్మకం. మళ్ళీ మళ్ళీ వినిపించింది.

సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అధ్యక్షుడు తెల్లగడ్డం పెద్దాయన, ఉత్తరాదివాడు. మర్యాదగానే, రెండుసార్లూ ఒకే మాట కదమ్మా విన్నది, తేడా ఏది అనడిగాడు. ఆయన భాషలో మేముకీ మనముకీ ఒకటే మాట. తర్జుమా చేసేవాళ్ళు రెంటికీ అదే పెట్టారు. మా అమ్మాయి ఉద్యోగం పణం పెట్టి, జైలుకి తెగించి తెచ్చిన సాక్ష్యం ఆ గొట్టంలో పడి ఇవతలికి వచ్చేసరికి ఏమీ కాకుండా పోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక్క తమిళావిడ మాత్రం చెవిలో గొట్టం తీసేసి, తెలుగు మాటల్నే మళ్ళీ వినిపించమంది. విని, అధ్యక్షుడి వైపు తిరిగి, తేడా ఉంది, మా భాషలోనూ ఉంది అని చెప్పింది. ఆవిడొక్కతే.

అప్పుడు సోమశేఖరం గారు లేచాడు. ఆయన కుసుమ మీద విసుక్కోలేదు. నిజంగా బాధపడ్డాడు, చూస్తే తెలుస్తుంది. నాలో అలాంటిదేదైనా ఉంటే అది నాకూ వద్దు, రెండో కడుగుడు కూడా చేయించుకుంటాను అన్నాడు.

రెండో కడుగుడు అనేదొకటుందని నేనప్పుడే విన్నాను. కుసుమ మొహం చూశాను. అది నాకు చెప్పకుండా దాచింది.

అధ్యక్షుడు దాన్నే పట్టుకున్నాడు. మొగ్గు ఉందన్నది మీ మాట. మీ నాన్నకి ముందు రెండో కడుగుడు చేద్దాం. తమ్ముడితో ఆయన మాట మారితే, మొగ్గు మిగిలిందన్నది రుజువైనట్టే. అప్పుడు సోమశేఖరం గారి నియామకం ఆపుతాం, ఆ కడుగుడు ఆయనకీ చేస్తాం. లేదంటే రుజువు లేని అభ్యంతరం చెల్లదు.

కుసుమ బల్ల అంచు పట్టుకుంది. "ఆయన్ని మళ్ళీ కడగమని కాదండీ నేనొచ్చింది. అసలు కడగొద్దు. తనది ఏ పక్షమో గుర్తున్నవాణ్ణి తెచ్చుకోండి. తను ఎటు వంగుతాడో తెలిసినవాడు ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడి నిలబడతాడు."

చట్టం అలా లేదన్నాడు అధ్యక్షుడు.

మా ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. తన మాటే ఇంత దూరం తెచ్చిందని ఆ సభలోనే తెలిసింది ఆయనకి. తమ్ముడు కంచం ఎందుకు వదిలేశాడో కూడా అప్పుడే తెలిసింది. ఊడిన పళ్ళ సందు నాలికతో తడుముకుంటూ నిలబడ్డాడు.

"ఏసీండి బాబూ, రెండోది కూడా. నా తమ్ముడు నా ఇంట కూడు తింతే సాలు నాకు."

నేను కుసుమ చెయ్యి పట్టి లాగాను. ఏం చేస్తుందే అది, నిజం చెప్పు అన్నాను. కుసుమ కళ్ళెత్తలేదు. ఇంకా మనుషులకి వెయ్యలేదమ్మా, కోతులకి వేశాం అంది. ఒక తల్లికోతికి వేశారట. తిండి తింటుంది, నిద్రపోతుంది, ఆరోగ్యంగానే ఉంది. కానీ దాని పిల్లా పక్క బోనులో పిల్లా దానికి ఒకటే అయిపోయాయి. పిల్ల ఏడిస్తే చూసింది, పక్క పిల్ల ఏడిస్తే కూడా అలాగే చూసింది. రెంటినీ ఎత్తుకోలేదు.

"నిష్పక్షపాతం అంటే అదే అన్నారమ్మా మా పెద్దాయన," అంది.

ఒకసారి కడిగిన మనిషి తనంతట తను ఒప్పుకుంటే చాలదట, భార్య కూడా ఒప్పుకోవాలట. అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. మీరు ఒప్పుకుంటారా అమ్మా అన్న ప్రశ్న గొట్టంలోంచి ఎవరిదో ఆడగొంతుతో వచ్చి నా చెవిలో పడింది.

ఎనిమిదో తరగతి దాటని దాన్ని. అంతమంది ముందు లేచి నిలబడటం అదే మొదలు. నేను ఊ అంటే మా అమ్మాయి గెలుస్తుంది. ఆ తీరం మీద ఉన్న ఇళ్ళన్నీ, మా ఇల్లూ ఎల్లాజీ ఇల్లూ, నిలబడొచ్చు. ఉద్యోగమూ దక్కొచ్చు. ఈయన ఇంటికొచ్చి తమ్ముణ్ణి పిలుస్తాడు. పిలిచి మన నాన్న అంటాడేమో. లేదా ఎవరి నాన్నయినా ఒకటే అన్నట్టు చూస్తాడేమో. నన్ను కూడా అలాగే చూస్తాడు, వీధిలో పోయే ఆడమనిషిని చూసినట్టు. కుసుమకి జ్వరమొస్తే పక్కింటి పిల్లకి వచ్చినట్టు. నా మొగుడు బతికుండగానే నాకు లేకుండా పోతాడు.

ఒప్పుకోను అన్నాను.

మైకు అందుకోలేదు. మళ్ళీ చెప్పాను. ఈసారి మైకు దాన్ని సభంతా పంచింది.

అభ్యంతరం కొట్టేశారు. తమిళావిడ చెయ్యెత్తి వద్దంది, ఇంకో నలుగురు ఆవిడతో పాటు ఎత్తారు. చాలలేదు. సోమశేఖరం గారు ప్రమాణం చేస్తూ, నేనెవరి పక్షమూ కానన్నాడు. గోడమీద అబద్ధాన్ని పట్టే యంత్రం పచ్చదీపం వెలిగించింది.

తిరుగు రైల్లో కుసుమ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను భుజం తట్టాను. "నువ్వు ఒప్పుకుంటావేమోనని చచ్చిపోయాను అమ్మా," అంది. కాసేపటికి, "ఒప్పుకోలేదు కదా, ఓడిపోయాను కూడా," అంది. రెండూ నిజమే. రెండింటికీ కారణం నేనే.

ఉద్యోగం పోయింది. ప్రయోగశాల వాళ్ళు వేసిన కేసు తిరిగి తిరిగి ఆ న్యాయస్థానానికే చేరుతుందని వకీలు చెప్పాడు. అప్పటినుంచి పోస్టుమాన్ సైకిలు బెల్లు వినిపిస్తే నేను వంటింట్లోకి పారిపోతున్నాను.

మా ఆయన మాత్రం కొత్త అలవాటొకటి నేర్చుకున్నాడు. అరుగు మీద వల బాగుచేసుకుంటూ లోలోపల ఏదో గొణుక్కునేవాడు. ఏదైనా పాటేమో అనుకున్నాను. దగ్గరికెళితే వినిపించింది. మన నాన్న. మన యమ్మ. మన నాన్న. బళ్ళో అక్షరాలు దిద్దే పిల్లాడిలా, ఒక్కో ముడికీ ఒక్కోసారి. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. మరిసిపోతన్నానే, నోరు ఎనక్కి లాగేస్తంది అన్నాడు.

వానలు పడే ముందు తీరం కేసులో తీర్పొచ్చింది. సోమశేఖరం గారు తనే చదివాడు. పేటంతా సంఘం మేడ దగ్గర టీవీ ముందు కూర్చుంది. ఎంత మెత్తగా చదివాడని. మన ఓడరేవు వల్ల మన దేశానికి కలిగే మేలు అన్నాడు. ఆ తీరవాసుల పట్ల మాకు సానుభూతి ఉంది అన్నాడు. ఆ రెండు మాటలూ వచ్చినచోట జనం తలలు తిప్పి కుసుమని చూశారు. అది తల దించుకుని ఇసకలో వేలితో గీతలు గీస్తోంది. టీవీలో ఆయన మొహంలో కపటం లేదు, అదే అసలు భయం. దొంగచూపు ఉన్నవాణ్ణి నిలదియ్యొచ్చు. ఆయన పగ లేని పసివాడిలా మా ఇళ్ళు తీసేశాడు.

ఖాళీ చెయ్యమన్న కాగితం మా తలుపుకీ అంటించారు, ఎల్లాజీ తలుపుకీ అంటించారు. జీవితమంతా దీపస్తంభం జెండా మోసినవాడు, పార్టీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి వచ్చాడట. అక్కడ అతనికి మన అన్నవాళ్ళెవరూ దొరకలేదు.

ఆ సాయంత్రం వాన తుంపరలో వచ్చి మా అరుగు కింద నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు, పొమ్మంటే పోలేదు. మా ఆయనే చెయ్యి పట్టి తెచ్చి పీట మీద కూర్చోబెట్టాడు. ఇంట్లో కవళ్ళ చేపల పులుసు తప్ప ఏమీ లేదు. ఇద్దరికీ వడ్డించి నేను గోడకి ఆనుకున్నాను. కుసుమ గడప మీద కూర్చుంది. ఎల్లాజీ కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఇల్లు పోతే ఎక్కడికెల్తాం, అన్నియ్యా?"

మా ఆయన పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "ఈ సోటు మా..." అని ఆగిపోయాడు. ఎల్లాజీ తల ఎత్తాడు. ఈయన నాలికతో పళ్ళ సందు తడుముకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, నుదుటి మీద నరం లేచింది. పదిమంది లాగాల్సిన వలని ఒక్కడే ఒడ్డుకి లాగుతున్నట్టుంది ఆ మొహం.

"మన," అన్నాడు. "మన నాన్న కట్టిన సోటు ఇది. మన నాన్న."

అది లోపల్నుంచి వచ్చిన మాట కాదు. నేర్చుకున్న మాట. ఎల్లాజీకి తెలుసు, నాకు తెలుసు, చెప్పిన ఆయనకి అందరికంటే బాగా తెలుసు. ఎదురుగా కంచం వదిలేసి లేచిపోయిన తమ్ముడున్నాడు కాబట్టి ఈయన తన నోటిని పట్టుకోగలిగాడు. ఆ జడ్జి కుర్చీలో ఉన్నాయన ఎదుటినుంచి కంచం వదిలేసి లేచేవాడు ఎవడున్నాడు, ఆయన చచ్చేదాకా.

ఎల్లాజీ అన్నకేసి చూస్తూనే ఉన్నాడు. తర్వాత కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"ముళ్ళు సూసుకొని తిను, అన్నియ్యా," అన్నాడు. "పళ్ళు నేవు నీకు."

మా ఆయన నవ్వాడు. ఇంకేదో చెప్పబోయి నోరు తెరిచాడు. నేను పులుసు గరిటె చేత్తో పట్టుకుని, ఆ తర్వాతి మాట ఏమొస్తుందోనని అలాగే నిలబడ్డాను.